డాస్ దాడులపై ప్రయోగాలకు సొంత టెస్ట్‌బెడ్: 8 కంప్యూటర్లతో మొదటి కేబుల్ నుంచి చివరి రన్ దాకా

రెండు కంప్యూటర్లను ఒక స్విచ్‌కి తగిలించి, ఒకదాని నుంచి ప్యాకెట్లు కుమ్మరిస్తే రెండోదాంట్లో ఉన్న వెబ్‌సర్వర్ పలకడం మానేస్తుంది. డాస్, అంటే సేవ నిరాకరణ దాడి ఇదే. గ్రాఫ్ కూడా అందంగా వస్తుంది. "ఇంతకీ ఏది కూలింది?" అని గైడ్ అడిగినప్పుడు మొదలవుతుంది తిప్పలు. సర్వర్‌లో కనెక్షన్ల క్యూ నిండిందా, లింకు నిండిందా, మధ్యలో రౌటర్ చేతులెత్తేసిందా, లేక పంపే మెషీనే అనుకున్నంత పంపలేకపోయిందా? ప్రతి రన్‌లోనూ ఈ ప్రశ్నకు ఒక్క జవాబే మిగిలేలా ఏర్పాటు చేసుకోవడమే టెస్ట్‌బెడ్ డిజైన్.

ఇలాంటి పరిశోధన కోసమే అమెరికాలో 2004లో డెటర్ టెస్ట్‌బెడ్ పుట్టింది. దాన్ని యూటా విశ్వవిద్యాలయం తయారుచేసిన ఎమ్యులాబ్ సాఫ్ట్‌వేర్ మీద కట్టారు. వందల మెషీన్లున్న ఆ ఏర్పాటులోని రెండు సూత్రాలు ఎనిమిది పాత కంప్యూటర్లున్న కాలేజీ ల్యాబ్‌కీ అక్షరాలా వర్తిస్తాయి. మొదటిది, ఆజ్ఞలు వెళ్లే (కంట్రోల్) నెట్‌వర్క్ వేరు, ప్రయోగం నడిచే నెట్‌వర్క్ వేరు. రెండోది, ప్రయోగం లోపలి ప్యాకెట్ ఒక్కటి కూడా బయటి ఇంటర్నెట్‌ను చూడకూడదు.

ల్యాప్‌టాప్‌లోనే చేస్తే చాలదా?

స్క్రిప్టులు సరిచూసుకోవడానికి చాలు. ఒకే మెషీన్‌లో విడి నెట్‌వర్క్‌లను సృష్టించే లైనక్స్ నేమ్‌స్పేస్‌లతో గానీ మినీనెట్‌తో గానీ ఇలాంటి టోపాలజీని (మెషీన్ల అమరికను) ఒక్క ల్యాప్‌టాప్‌లో పది నిమిషాల్లో నిలబెట్టవచ్చు. కాకపోతే అక్కడ దాడి చేసేది, దాడికి గురయ్యేది, మధ్యలో రౌటర్, అన్నీ ఒకే సీపీయూను పంచుకుంటాయి. ప్యాకెట్లు తయారుచేయడానికే కోర్లన్నీ ఖర్చయిపోతే సర్వర్ ఆకలితో మందగిస్తుంది. దాన్ని మనం దాడి ప్రభావంగా రాసుకుంటాం. సిమ్యులేటర్లతో ఇంకో రకం చిక్కు. టీసీపీ కనీస రీట్రాన్స్‌మిషన్ వ్యవధిని (జవాబు రాని ప్యాకెట్‌ను మళ్లీ పంపేముందు ఆగే కాలాన్ని) ప్రమాణ పత్రం ప్రకారం 1 సెకనుగా పెట్టుకున్న సిమ్యులేషన్‌కూ, 200 మిల్లీసెకన్లు వాడే అసలు లైనక్స్‌కూ తక్కువ రేటు పల్స్ దాడుల్లో (ఆగి ఆగి చిన్న గుంపులుగా పంపేవి) ఫలితాలు కలవవు. కాబట్టి రిహార్సల్ ల్యాప్‌టాప్‌లో, అంకెలు అసలు మెషీన్ల మీద.

సామాన్లు

మెషీన్లు ఎనిమిది: అన్నిటినీ నడిపించే బాస్ (ఎమ్యులాబ్ వాళ్లు పెట్టిన పేరే) 1, దాడి మెషీన్లు 2, మామూలు వినియోగదారుల పాత్ర వేసే క్లయింట్లు 2, రౌటర్లు 2, సర్వర్ 1. నాలుగు కోర్లు, 8 జీబీ ర్యామ్ ఉన్న డెస్క్‌టాప్‌లు సరిపోతాయి. దాడి మెషీన్ల కంటే రౌటర్లకు మంచి మెషీన్లు కేటాయించండి. చాలామంది దీన్ని తిరగేస్తారు. అప్పుడు సర్వర్ కంటే ముందు రౌటర్ పడిపోతుంది.

నెట్‌వర్క్ కార్డుల లెక్క: బాస్‌కి 2, మొదటి రౌటర్‌కి 4, రెండో రౌటర్‌కి 3, సర్వర్‌కి 2, క్లయింట్లకు రెండేసి, దాడి మెషీన్లకు రెండేసి. మొత్తం 19 పోర్టులు. ప్రయోగం వైపు యూఎస్‌బీ అడాప్టర్లు వాడకండి. చిన్న ప్యాకెట్లు వేగంగా వచ్చినప్పుడు వాటి పరిమితే మీ ఫలితం అవుతుంది. కంట్రోల్ వైపు వాడినా ఇబ్బంది లేదు.

స్విచ్‌లు మూడు: కంట్రోల్‌కి 16 పోర్టులది ఒకటి, క్లయింట్లకు 5 పోర్టులది ఒకటి, దాడి మెషీన్లకు 5 పోర్టులది ఇంకొకటి. ఒకే పెద్ద స్విచ్‌లో వీల్యాన్‌లు (స్విచ్ లోపలే విడి నెట్‌వర్క్‌లు) వేసి విడదీయవచ్చు కదా అంటే, వేయవచ్చు. కానీ వీల్యాన్ నంబరు ఒక్కటి తప్పితే గోడ కూలిపోతుంది, కూలిన సంగతి కంటికి కనిపించదు. విడి స్విచ్ అయితే కేబుల్ రంగు చూసి చెప్పేయవచ్చు. కంట్రోల్‌కి నీలం, ప్రయోగానికి ఎరుపు పెట్టుకోండి. కంట్రోల్‌కి 8, క్లయింట్ల వైపు 3, దాడి వైపు 3, రౌటర్ల మధ్య 1, రౌటర్ నుంచి సర్వర్‌కి 1: మొత్తం 16 కేబుళ్లు. బాస్ నుంచి కాలేజీ నెట్‌వర్క్‌కి వెళ్లే పదిహేడో కేబుల్‌ని ప్యాకేజీలు దింపుకునేటప్పుడు పెట్టి, ప్రయోగానికి ముందు చేత్తో పీకేయాలి.

అడ్రసులు, దారులు

నోటికొచ్చిన ఐపీ అడ్రసులు వాడకండి. నెట్‌వర్క్ పరికరాల పరీక్షల కోసమే ప్రత్యేకించిన 198.18.0.0/15 అనే బ్లాకు ఉంది. దాన్ని ఇలా పంచుకోవచ్చు: దాడి వైపు 198.18.10.0/24, క్లయింట్ల వైపు 198.18.20.0/24, సర్వర్ వైపు 198.18.30.0/24, రౌటర్ల మధ్య 198.18.40.0/30. రెండో సగం 198.19.0.0/16 మొత్తాన్ని దొంగ సోర్స్ అడ్రసుల కోసం (దాడి ప్యాకెట్ల మీద పంపినవారిగా వేసే అబద్ధపు అడ్రసులు) అట్టేపెట్టండి. నిజమైన దాడిలో ఈ అడ్రసులు ప్రపంచంలో ఎవరివైనా కావచ్చు. ఇక్కడ మాత్రం ఈ బ్లాకు దాటకూడదు. కంట్రోల్ వైపు 192.168.50.0/24 చాలు.

మొదటి రౌటర్ దాడి వైపునూ క్లయింట్ల వైపునూ కలిపి రెండో రౌటర్‌కి అందిస్తుంది. రెండో రౌటర్ వెనక సర్వర్ ఉంటుంది. సర్వర్ డిఫాల్ట్ గేట్‌వే రెండో రౌటరే. కంట్రోల్ కార్డుకి ఏ మెషీన్‌లోనూ గేట్‌వే పెట్టకూడదు. పెడితే సర్వర్ జవాబులు కంట్రోల్ దారిన పోయి, లింకు ఖాళీగా ఉన్నా ఫలితాలు వస్తుంటాయి.

టీసీపీలో కనెక్షన్ అడిగే మొదటి ప్యాకెట్ సిన్, దానికి సర్వర్ జవాబు సిన్-యాక్, దానికి అవతలివారి యాక్ వచ్చేదాకా అది సగం కనెక్షనే. సిన్‌లు కుమ్మరించి ఆ సగం కనెక్షన్ల క్యూ నింపడమే సిన్ ఫ్లడ్. దొంగ అడ్రసులకు సర్వర్ పంపే సిన్-యాక్‌లు ఎక్కడో ఒకచోట నిశ్శబ్దంగా మాయమవ్వాలి. ఇందులో మూడు తప్పులు మామూలుగా జరుగుతాయి.

ఒకటి, దొంగ అడ్రసుల్లో నిజంగా ఏదైనా మెషీన్ బతికి ఉండటం. అది "నేను అడగలేదు" అని రీసెట్ పంపుతుంది, సర్వర్ ఆ సగం కనెక్షన్‌ను చెరిపేస్తుంది, దాడి దానంతటదే నీరుగారిపోతుంది. రెండు, రౌటర్‌లో ఆ అడ్రసులకు దారి లేకపోవడం. అప్పుడు రౌటర్ "గమ్యం చేరలేను" అని ఐసీఎంపీ సందేశం వెనక్కి పంపుతుంది. దాన్ని చూసినా లైనక్స్ సగం కనెక్షన్‌ను తీసేస్తుంది. మూడు, దొంగ అడ్రసులు సర్వర్ ఉన్న సబ్‌నెట్‌లోవే కావడం. సర్వర్ వాటి కోసం ఏఆర్‌పీ (ఈ ఐపీ ఏ కార్డుది అనే ప్రశ్న) అడుగుతూ కూర్చుంటుంది, ఒక్క సిన్-యాక్ కూడా బయటికి రాదు.

విరుగుడు తేలిక. మొదటి రౌటర్‌లో ఒక డమ్మీ ఇంటర్‌ఫేస్ సృష్టించి 198.19.0.0/16 దారిని దానికి చూపించండి. రెండో రౌటర్‌లో ఇదే బ్లాకును మొదటి రౌటర్‌కి మళ్లించండి. డమ్మీకి వెళ్లిన ప్యాకెట్ చప్పుడు లేకుండా పోతుంది. పైగా దాని కౌంటర్ చూస్తే సర్వర్ ఎన్ని సిన్-యాక్‌లు పంపిందో ఉచితంగా తెలుస్తుంది. ఇది రెండో రౌటర్‌లో కాక మొదటి రౌటర్‌లోనే ఎందుకంటే, నిజజీవితంలో ఆ జవాబులు కూడా ఇరుకు లింకు మీదుగానే బయటికి పోతాయి.

ఇంకొక్క మెలిక: ఆర్‌పీ_ఫిల్టర్. సోర్స్ అడ్రసుకు తిరుగుదారి వచ్చిన ఇంటర్‌ఫేస్‌లోనే ఉందా అని లైనక్స్ చూసుకునే తనిఖీ ఇది. చాలా డిస్ట్రిబ్యూషన్లలో ముందే ఆన్ అయి ఉంటుంది. మొదటి రౌటర్‌లో దాడి వైపు కార్డుకు దీన్ని 0 చేయాలి. కార్డుకు 0 చేసినా "ఆల్" విలువ 1గా మిగిలితే 1నే లెక్కలోకి వస్తుంది, రెండిట్లో పెద్దదాన్నే కెర్నల్ తీసుకుంటుంది. ప్యాకెట్లు పంపుతున్నా సర్వర్‌కి ఒక్కటీ చేరకపోతే మొదట చూడాల్సింది ఎన్‌స్టాట్‌లో (కెర్నల్ కౌంటర్లు చూపే ఆదేశం) ఐపీ రివర్స్‌పాత్ ఫిల్టర్ కౌంటర్.

గోడలు

రౌటర్లలో ఫార్వర్డింగ్ ఆన్ చేయగానే కంట్రోల్ కార్డు కూడా అందులో భాగమైపోతుంది. కంట్రోల్ కార్డు లోపలికి గానీ బయటికి గానీ వచ్చే ఫార్వర్డింగ్ ప్యాకెట్లన్నీ పారేసేలా లైనక్స్ ఫైర్‌వాల్ ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లో రెండు నియమాలు రాయండి. ఈ నియమాల్లో కనెక్షన్ స్థితిని చూసే షరతు పెట్టకండి. పెడితే కాన్‌ట్రాక్ (ప్రతి కనెక్షన్‌నూ గుర్తుపెట్టుకునే కెర్నల్ భాగం) లోడ్ అవుతుంది, ప్రతి దొంగ సిన్‌కీ ఒక ఎంట్రీ రాసుకుంటుంది, "టేబుల్ ఫుల్" అంటూ రౌటరే ప్యాకెట్లు పారేస్తుంది. డాకర్ ఉన్న మెషీన్లలో కాన్‌ట్రాక్ మీరు అడగకుండానే వచ్చి కూర్చుంటుంది. రౌటర్లలోనూ సర్వర్‌లోనూ డాకర్ వద్దు.

బాస్‌లో ఫార్వర్డింగ్ ఎప్పుడూ ఆఫ్. దాడి మెషీన్లలో కంట్రోల్ కార్డు నుంచి బాస్‌కి ఎస్‌ఎస్‌హెచ్, టైమ్ సింక్ తప్ప ఇంకేదీ బయటికి పోకూడదు. ప్యాకెట్ జనరేటర్ ఎప్పుడూ గడువు పెట్టే నడవాలి: 90 సెకన్ల దాడికి 95 సెకన్లకు తనంతట తానే చచ్చే టైమర్ దాడి మెషీన్‌లోనే ఉండాలి. బాస్ నుంచి ఆపుదాంలే అనుకుంటే, కంట్రోల్ నెట్‌వర్క్ పోయిన రోజున ఆపేవాళ్లు ఉండరు.

గోడ నిలిచిందో లేదో పరీక్షించాకే ముందుకు. దాడి మెషీన్ నుంచి బయటి అడ్రసుకు ఒక్క పింగ్ కొడితే "నెట్‌వర్క్ చేరలేను" అని రావాలి. పదిహేడో కేబుల్ తగిలించి, బాస్‌లోని కాలేజీ వైపు కార్డు మీద 198.18.0.0/15 కోసం క్యాప్చర్ పెట్టి, దాడి వైపు నుంచి సెకనుకు 10 ప్యాకెట్లు ఒక నిమిషం పంపండి. క్యాప్చర్‌లో సున్నా కనిపించాలి. ఒక్కటి కనిపించినా కేబుల్ పీకి, వైరింగ్ మొదటి నుంచి చూసుకోవాలి.

ఇది చాదస్తం కాదు. ఐటీ చట్టం 2000లోని సెక్షన్ 43, 66 కింద అనుమతి లేకుండా సేవ అందకుండా చేస్తే మూడేళ్ల దాకా జైలు గానీ, 5 లక్షల రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (సైబర్ ఘటనలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చిన ఆదేశాల ప్రకారం డాస్ ఘటన తెలిసిన 6 గంటల్లో సంస్థ దాన్ని నివేదించాలి. అందుకే డీఎన్‌ఎస్, ఎన్‌టీపీ యాంప్లిఫికేషన్ దాడులను (వేరేవాళ్ల సర్వర్లతో పెద్ద జవాబులు బాధితుడి మీదికి పంపించడం) మొదటి ప్రాజెక్టుకు ఎంచుకోవద్దు. గోడకు బెజ్జం పడితే అక్కడ నష్టపోయేది మూడోవాళ్లు.

ఇరుకు లింకు

రౌటర్ల మధ్య లింకే మన ఇరుకు సందు. దాన్ని 100 మెగాబిట్లకు తగ్గించడానికి రెండు దారులున్నాయి: ఈథ్‌టూల్ ఆదేశంతో కార్డునే 100కి దింపడం, లేదా లైనక్స్ టీబీఎఫ్ క్యూతో షేప్ చేయడం (సాఫ్ట్‌వేర్‌లో రేటు కట్టడి చేయడం). రెండూ ఒకటేననుకుంటే దెబ్బతింటారు. నిజమైన ఈథర్‌నెట్‌లో 64 బైట్ల ఫ్రేముకు ముందు 8 బైట్ల ప్రియాంబుల్, తర్వాత 12 బైట్ల ఖాళీ కలిసి 84 బైట్లు, అంటే 672 బిట్లు ఖర్చవుతాయి. 100 మెగాబిట్ల లింకులో సెకనుకు 1,48,809 ఫ్రేములు మించవు. టీబీఎఫ్‌కి ఈ అదనపు బరువు తెలియదు. 60 బైట్ల చొప్పున లెక్కేసుకుని 2,08,333 ప్యాకెట్లు వదిలేస్తుంది, అంటే 40 శాతం ఎక్కువ. చిన్న ప్యాకెట్ల దాడికి ఇది మామూలు తేడా కాదు. కార్డు వేగం తగ్గించడమే మేలు.

దూరాన్ని అనుకరించడానికి ఆలస్యం కలపాలంటే నెట్ఎమ్ వాడతాం. దాని డిఫాల్ట్ క్యూ 1000 ప్యాకెట్లు మాత్రమే. 50 మిల్లీసెకన్ల ఆలస్యంలో సెకనుకు 1,48,809 ప్యాకెట్లు వస్తుంటే దారిలో ఏ క్షణానైనా 7,440 ప్యాకెట్లు ఉండాలి. వెయ్యి దాటినవి నెట్ఎమ్ పారేస్తుంది, మనం లింకు నిండిందనుకుంటాం. పరిమితిని 20,000కి పెంచండి. నెట్ఎమ్‌ను రౌటర్‌లోనే పెట్టండి, క్లయింట్ మీదో సర్వర్ మీదో కాదు.

ప్రయోగం వైపు కార్డులన్నిటిలో పాజ్ ఫ్రేములను ఈథ్‌టూల్‌తో ఆపేయండి. అవి ఉంటే క్యూ నిండగానే అవతలి కార్డు "ఆగు" అంటుంది. ప్యాకెట్లు పోవాల్సినచోట పోవు, దాడి మెషీన్ మర్యాదగా నెమ్మదిస్తుంది. అలాంటి దాడి ఎక్కడా ఉండదు. రౌటర్లలోనూ సర్వర్‌లోనూ టీఎస్‌ఓ, జీఆర్‌ఓ (చిన్న ప్యాకెట్లను పెద్దవిగా కలిపి నడిపే సదుపాయాలు) కూడా ఆపండి. లేకపోతే క్యాప్చర్‌లో 1,500 బైట్లు దాటిన ప్యాకెట్లు కనిపించి లెక్కలన్నీ తారుమారవుతాయి.

ముందు కొలబద్దను కొలవాలి

దాడి మొదలుపెట్టకముందే ప్రతి ముక్క సత్తా విడిగా తెలియాలి. దాడి మెషీన్ నుంచి 64 బైట్ల యూడీపీ ప్యాకెట్లు కెర్నల్‌లోని పీకేటీజెన్‌తో పంపి, మొదటి రౌటర్ కార్డు కౌంటర్‌తో పోల్చండి. పంపినవాడి మాట నమ్మకండి, అందుకున్నవాడి కౌంటరే లెక్క. తర్వాత రౌటర్ల మధ్య లింకు 1 గిగాబిట్‌లో ఉంచి రెండు రౌటర్ల మీదుగా పంపండి. నష్టం వస్తే రేటు సగానికి తగ్గించండి, రాకపోతే మధ్యకు పెంచండి. నష్టం మొదలయ్యే చోటు దొరికేదాకా ఇలాగే, ఒక్కో రేటుకు 60 సెకన్లు. గిగాబిట్ లింకు గరిష్ఠం సెకనుకు 14,88,095. పాత డెస్క్‌టాప్ రౌటర్ అంతకు చాలా ముందే ఆగిపోవచ్చు. ఎక్కడ ఆగిందో అందులో సగానికి మించి ఏ ప్రయోగంలోనూ పంపకూడదని రాసిపెట్టుకోండి. అన్ని మెషీన్లలో సీపీయూ గవర్నర్ "పెర్ఫార్మెన్స్"లో ఉండాలి, లేకపోతే మొదటి పది సెకన్ల కొలతలు వేరేగా వస్తాయి.

మంచి ట్రాఫిక్ కూడా కల్పించాలి

సేవ నిరాకరణ అంటే ఎవరికో సేవ అందకపోవడం. ఆ "ఎవరో" లేకుండా కొలిచేది సర్వర్ లోడ్ మాత్రమే. సర్వర్‌లో ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్‌సర్వర్, దాని మీద 10 కిలోబైట్ల స్థిరమైన పేజీ పెట్టండి. రెండు క్లయింట్లు చెరి సెకనుకు 200 అభ్యర్థనలు పంపుతాయి. జవాబుల దిశలో ఇది దాదాపు 32 మెగాబిట్లు. మామూలు రోజున 100 మెగాబిట్ల లింకుకు ఇది సుఖమైన బరువే.

ఇక్కడ జనరేటర్ ఎంపికే సగం ప్రయోగం. జవాబు వచ్చాకే తర్వాతి అభ్యర్థన పంపే పనిముట్టు వాడితే, సర్వర్ మూలిగినప్పుడు క్లయింటూ ఆగిపోతుంది. వంద మంది విసిగి వెళ్లిపోయిన చోట ఇద్దరే ఆలస్యపడినట్టు కనిపిస్తుంది. వెజీటా లాంటివి జవాబుతో పని లేకుండా నిర్ణీత రేటులో పంపుతాయి, అవి వాడండి. కీప్-అలైవ్ (ఒకే కనెక్షన్‌ను మళ్లీ మళ్లీ వాడటం) తప్పనిసరిగా ఆపాలి. సిన్ ఫ్లడ్ దెబ్బ కొత్త కనెక్షన్లకే తగులుతుంది, పాత కనెక్షన్ మీదే అడుగుతూ పోతే దాడి జరిగినట్టే తెలియదు.

200 అనే అంకె ఊరికే పెట్టింది కాదు. లైనక్స్ తాత్కాలిక పోర్టులు 32768 నుంచి 60999 దాకా, మొత్తం 28,232. క్లయింటే ముందు కనెక్షన్ మూస్తే ఒక్కో పోర్టు 60 సెకన్లు టైమ్-వెయిట్‌లో పడి ఉంటుంది. అంటే ఒక క్లయింట్ ఒకే సర్వర్ పోర్టుకు సెకనుకు 470 కొత్త కనెక్షన్లు దాటలేదు. 500 పెట్టినవాళ్లకు ఒక నిమిషం తర్వాత దాడి లేకుండానే వైఫల్యాలు మొదలవుతాయి. తెరిచి ఉంచగల ఫైళ్ల పరిమితి 1024గా ఉంటే దాన్నీ పెంచుకోవాలి. పది సెకన్ల టైమౌట్‌తో 200 చొప్పున ఆగిపోతే 2,000 సాకెట్లు ఒకేసారి తెరిచి ఉంటాయి.

కొలత సూటిగా ఉండాలి: అడిగిన పేజీ 2 సెకన్లలో పూర్తిగా వస్తే విజయం, లేకపోతే వైఫల్యం. సెకను వారీగా వైఫల్య శాతమే ప్రధాన గ్రాఫ్. సీపీయూ వాడకం, బ్యాండ్‌విడ్త్ లాంటివి కారణం వెతకడానికే. ఆ 2 సెకన్ల గీతను ఫలితాలు చూశాక జరపకూడదు.

మొదటి ప్రయోగం: సిన్ ఫ్లడ్, దగ్గర నుంచి

ఇది పాత దాడే. 1996 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని పానిక్స్ అనే ఇంటర్నెట్ సంస్థను కుదిపేసింది ఇదే. అదే నెలలో డి.జె. బెర్న్‌స్టీన్ సిన్ కుకీల ఆలోచన (క్యూలో చోటు ఖర్చుపెట్టకుండా కనెక్షన్ వివరాలను సిన్-యాక్‌లోనే దాచి పంపడం) ముందుకు తెచ్చారు. చదువుకోవడానికి దీనికి మించినది లేదు, ఎందుకంటే నిండే వనరు ఏదో స్పష్టంగా లెక్కపెట్టవచ్చు.

ముందుగా రౌటర్ల మధ్య లింకును తిరిగి 1 గిగాబిట్‌కి పెంచండి. సెకనుకు 10,000 సిన్‌లు పంపినా 6.72 మెగాబిట్లే. లింకు నిండలేదని అప్పుడు ధైర్యంగా చెప్పవచ్చు. పీకేటీజెన్ టీసీపీ ప్యాకెట్లు తయారుచేయదు, సిన్‌లకు ట్రెక్స్ అనే ప్యాకెట్ జనరేటర్‌లోని స్టేట్‌లెస్ మోడ్ అనువైనది. పైథాన్‌తో నడిచే స్కేపీ సెకనుకు కొన్ని వేలు దాటడానికే ఆయాసపడుతుంది.

సర్వర్‌లో టీసీపీ_సింకుకీస్ డిఫాల్ట్‌గా 1 ఉంటుంది. "దాడి పనిచేయట్లేదు" అన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగానికి ఇదే కారణం. రక్షణ లేని స్థితి చూడటానికి 0 చేయండి. టీసీపీ_మాక్స్_సిన్_బ్యాక్‌లాగ్ (సగం కనెక్షన్ల క్యూ పరిమితి) 512 పెట్టండి. ఎన్‌జిన్‌ఎక్స్ లిజన్ బ్యాక్‌లాగ్ లైనక్స్‌లో 511, దాన్ని కదపొద్దు. ఆ లిజన్ బ్యాక్‌లాగ్‌కు కెర్నల్ పెట్టే పైపరిమితి సోమాక్స్‌కాన్ కొత్త కెర్నళ్లలో 4096, 5.4 కంటే పాతవాటిలో 128. 128 అయితే 511 అన్నా 128కే కుదించుకుపోతుంది, చూసుకోండి.

ఇప్పుడు దాడి మొదలుపెట్టి, సర్వర్‌లో సిన్-రిసీవ్ స్థితిలో ఉన్న కనెక్షన్లను ఎస్‌ఎస్ ఆదేశంతో సెకనుకోసారి లెక్కపెట్టండి. అంకె పెరుగుతూ పోయి 512 దగ్గర కాక 384, 385 దగ్గర గీత గీసినట్టు ఆగిపోతుంది. కుకీలు ఆఫ్‌లో ఉన్నప్పుడు బ్యాక్‌లాగ్‌లో చివరి పావు భాగాన్ని కెర్నల్ "తెలిసినవాళ్ల"కే ఉంచుతుంది. తెలిసినవాళ్లంటే ఇంతకుముందు కనెక్ట్ అయి, టీసీపీ మెట్రిక్స్ జ్ఞాపకంలో రౌండ్-ట్రిప్ కాలం నమోదైన అడ్రసులు. దాడికి ముందు 60 సెకన్ల మామూలు ట్రాఫిక్‌లో మన రెండు క్లయింట్లూ ఆ జాబితాలోకి చేరిపోతాయి. సర్వర్ క్యూ నిండినా ఆ పావు భాగం గుండా క్లయింట్లు హాయిగా లోపలికి పోతుంటాయి. వైఫల్య శాతం సున్నా దగ్గరే ఉంటుంది, తప్పు ఎక్కడుందో వారమైనా తేలదు. సర్వర్‌లో టీసీపీ_నో_మెట్రిక్స్_సేవ్ 1 చేసి, ఉన్న మెట్రిక్స్‌ను తుడిచి, మళ్లీ నడపండి. ఈసారి క్లయింట్లు మొదటిసారి వచ్చిన సందర్శకులతో సమానం. రెండు స్థితులూ విడివిడిగా కొలిస్తే అదే ఒక చక్కటి ఫలితం.

రేట్లు: సెకనుకు 10, 50, 100, 500, 2,000, 10,000. సిన్-యాక్ పునఃప్రయత్నాలు డిఫాల్ట్‌గా 5, సగం కనెక్షన్ గరిష్ఠంగా 63 సెకన్లు బతుకుతుంది. ఆ లెక్కన 385 చోట్లను నింపి ఉంచడానికి సెకనుకు 6 సిన్‌లు చాలాలి. అసలులో అంతకంటే ఎక్కువ కావాలి, ఎందుకంటే క్యూ సగం దాటాక కెర్నల్ పాతవాటిని గడువుకు ముందే వదిలేస్తుంది.

క్లయింట్ల ఆలస్యాన్ని హిస్టోగ్రామ్‌గా గీయండి. మెట్లు మెట్లుగా వస్తుంది. పోయిన సిన్‌ను క్లయింట్ 1, 3, 7 సెకన్ల దగ్గర మళ్లీ పంపుతుంది కాబట్టి గుంపులు అక్కడే పేరుకుంటాయి. లైనక్స్ 6.5 నుంచి ఈ పద్ధతి మారి, మొదటి నాలుగు పునఃప్రయత్నాలు సెకనుకొకటి చొప్పున వెళ్తాయి. రెండు క్లయింట్లలో వేర్వేరు కెర్నళ్లుంటే రెండు గ్రాఫులు వస్తాయి. అన్నిటిలో ఒకే కెర్నల్ ఉంచండి.

తర్వాత టీసీపీ_సింకుకీస్ 1 చేసి అవే రేట్లు మళ్లీ. ఎన్‌స్టాట్‌లో సింకుకీస్‌సెంట్, సింకుకీస్‌రిసీవ్డ్, లిజన్‌డ్రాప్స్ మూడూ రాసుకోండి. టీసీపీ టైమ్‌స్టాంపులు ఆఫ్ చేసి ఉంటే కుకీ ద్వారా వచ్చిన కనెక్షన్లు విండో స్కేలింగ్, శాక్ (పెద్ద బదిలీలను వేగవంతం చేసే టీసీపీ సదుపాయాలు) కోల్పోతాయి. పేజీ 10 కిలోబైట్లే కనుక తేడా కనిపించదు, పెద్ద ఫైలు పెడితే తెలుస్తుంది.

బ్యాండ్‌విడ్త్ నింపే దాడి

లింకును 100కి దించి, యూడీపీ ప్యాకెట్లు 80, 100, 120, 200, 500 మెగాబిట్ల చొప్పున పంపండి. మామూలు ఫిఫో (ముందొచ్చినది ముందు వెళ్లే) క్యూలో 120 పంపితే దాదాపు ఆరో వంతు, 200 పంపితే సగం పోతాయి. మీ కొలత దీనికి దూరంగా వస్తే క్యూ మీరనుకున్నది కాదు. చాలా డిస్ట్రిబ్యూషన్లలో ఎఫ్‌క్యూ-కోడెల్ అనే క్యూ డిఫాల్ట్, అది ప్రవాహాలను విడదీసి క్లయింట్లను కాపాడేస్తుంది. వరద వెళ్లేది సర్వర్ వైపు, పేజీలు వచ్చేది ఎదురు దిశలో. ఫుల్ డ్యూప్లెక్స్ లింకులో నేరుగా దెబ్బతినేది సిన్‌లు, అభ్యర్థనలు, యాక్‌లు మాత్రమే.

యూడీపీకి సర్వర్ జవాబివ్వకపోతే ఇంకో విచిత్రం. స్విచ్ మీదుగా వెళ్లే ఏర్పాటులో, మాట్లాడని మెషీన్ మ్యాక్ అడ్రసును స్విచ్ మామూలుగా 300 సెకన్లకు మరచిపోయి ప్యాకెట్లను అన్ని పోర్టులకూ చల్లుతుంది. సర్వర్‌ను నేరుగా కేబుల్‌తో రెండో రౌటర్‌కి కలిపింది ఇందుకే.

స్లోలోరిస్ లాంటి నెమ్మది హెచ్‌టీటీపీ దాడి (అభ్యర్థనను కొంచెం కొంచెంగా పంపుతూ కనెక్షన్ పట్టుకుని కూర్చోవడం) చూడాలంటే ఎన్‌జిన్‌ఎక్స్ బదులు అపాచీ పెట్టండి. ఈవెంట్ పద్ధతిలో డిఫాల్ట్‌గా 400 వర్కర్లు. నిండేది ఆ వర్కర్ల లెక్కే, లింకూ సిన్ క్యూ ఖాళీగానే ఉంటాయి. నెమ్మది అభ్యర్థనలను గడువు పెట్టి తెంచేసే రెక్-టైమౌట్ మాడ్యూల్ ఉన్నప్పుడూ లేనప్పుడూ పోల్చితే చాలు.

రాత్రంతా నడపడం

ఒక్కో రన్: 60 సెకన్లు మామూలు, 90 సెకన్లు దాడి, 120 సెకన్లు కోలుకోవడం. సిన్ ప్రయోగంలో 6 రేట్లు, కుకీల 2 స్థితులు, ఒక్కోటి 10 సార్లు, అంటే 120 రన్‌లు. 4.5 నిమిషాల చొప్పున 9 గంటలు, మధ్యలో శుభ్రానికి 30 సెకన్ల చొప్పున ఇంకో గంట. యూపీఎస్ లేకుండా మొదలుపెట్టవద్దు. మధ్యలో కరెంటు పోయి వస్తే సర్వర్ డిఫాల్ట్ సెట్టింగులతో లేస్తుంది, కుకీలు మళ్లీ 1 అయిపోతాయి, మిగతా రన్‌లన్నీ తప్పు పేరుతో నమోదవుతాయి. అందుకే ప్రతి రన్‌కు ముందు సెట్టింగులు పెట్టడమే కాదు, తిరిగి చదివి ఫలితాల ఫైల్లోకి రాయాలి.

రన్‌ల క్రమాన్ని కలగాపులగం చేయండి. చిన్న రేటు నుంచి పెద్దదానికి వరసగా పోతే గది వేడి, లాగ్ ఫైళ్ల బరువు అన్నీ పెద్ద రేట్ల ఖాతాలో పడతాయి. ప్రతి శుభ్రంలో మెట్రిక్స్ తుడవడం, వెబ్‌సర్వర్ రీస్టార్ట్, కౌంటర్లు సున్నా చేయడం ఉండాలి. సిన్-రిసీవ్ లెక్క సున్నాకు వచ్చేదాకా తర్వాతి రన్ మొదలుపెట్టకూడదు. గడియారాలను క్రోనీతో కంట్రోల్ నెట్‌వర్క్ మీదే కలపండి, ప్రయోగ నెట్‌వర్క్ మీద కలిపితే దాడి సమయంలోనే అవి జారిపోతాయి.

ప్యాకెట్లన్నీ క్యాప్చర్ చేయాలన్న మోజు మానుకోండి. గిగాబిట్ నిండా చిన్న ప్యాకెట్లొస్తే క్యాప్చర్ ఫైలు సెకనుకు సుమారు 113 మెగాబైట్లు పెరుగుతుంది, పాత హార్డ్‌డిస్క్ దానికి ఆగదు. క్యాప్చర్ నడిచే మెషీన్ కూడా దానివల్లే నెమ్మదిస్తుంది. సెకనుకోసారి కౌంటర్లు, క్లయింట్ల వైపు ప్రతి అభ్యర్థన ఫలితం, ఈ రెండూ ఉంటే చాలు. క్యాప్చర్ కావాలంటే దాడి మొదలైన మొదటి 5 సెకన్లకు మాత్రం తీసుకోండి.

రన్ చెల్లుతుందా లేదా అనేదానికి మూడు తనిఖీలు స్క్రిప్టులోనే పెట్టేయండి. దాడికి ముందు 60 సెకన్లలో వైఫల్యం 0.1 శాతం దాటితే ఆ రన్ రద్దు. దాడి మెషీన్ పంపానన్న లెక్కకూ మొదటి రౌటర్ అందుకున్న లెక్కకూ 1 శాతం కంటే తేడా ఉంటే రద్దు. సిన్ ప్రయోగంలో రౌటర్ల కార్డుల్లో ఒక్క డ్రాప్ కనిపించినా రద్దు. మొదటి రాత్రి సగం రన్‌లు రద్దయితే కంగారు పడకుండా ఏ తనిఖీ దగ్గర ఎక్కువగా పోయాయో చూడండి. మూడోదాని దగ్గరైతే రౌటర్ మార్చాలి, రెండోదాని దగ్గరైతే దాడి మెషీన్‌కూ మొదటి రౌటర్‌కూ మధ్య దారి చూడాలి.